ఆన్‌లైన్ వేలంలో ధర తేల్చేది రెండో మనిషి

మీరు అడిగినవి మూడు సంగతులు. ఇంట్లో మూలపడి ఉన్న పాత కెమెరా, రెండు లెన్సులు, కొన్ని పెన్నులు ఆన్‌లైన్ వేలంలో పెడితే మంచి ధర వస్తుందా? ఆ డబ్బుతో టోకున ఫోను కవర్లు కొని, వాటినీ వేలంలోనే అమ్ముతూ నెలనెలా ఆదాయం సంపాదించవచ్చా? మోసపోకుండా ఉండాలంటే ఏం చేయాలి? మొదటిదానికి నా జవాబు అవును. రెండోదానికి, ఫోను కవర్లతో మాత్రం కాదు. మూడోదానికి ఒక్క మాటలో జవాబు లేదు. చాలా ఏళ్లుగా పాత వస్తువులు కొని అమ్మడమే నా పని కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు వేలంలో ధర ఎలా పుడుతుందో చూడండి, ఎందుకంటే మిగతా సలహాలన్నీ దానిమీదే ఆధారపడతాయి. ఈబే వంటి సైట్లలో కొనేవారు తాము ఇవ్వదలచిన గరిష్ఠ మొత్తాన్ని ఒకసారి రాసిపెడతారు. ఆ అంకెను సైటు ఎవరికీ చూపదు. పోటీ వచ్చినప్పుడల్లా అవసరమైనంత మేరకే వారి తరఫున పాట పెంచుతూ పోతుంది. మీ లెన్సుకు ఒకరు 900 వరకు, ఇంకొకరు 620 వరకు ఇవ్వడానికి సిద్ధపడ్డారనుకుందాం. పాట పదేసి చొప్పున పెరిగే చోట ఆ లెన్సు 630కి పోతుంది. మొదటి మనిషి దగ్గర మిగిలిన 270 మీకు ఎప్పటికీ కనబడదు. అతను 900 బదులు 5,000 రాసినా మీకు వచ్చేది 630యే. రెండో మనిషి 620 బదులు 850 రాసి ఉంటే మాత్రం మీ చేతికి 860 వచ్చేది.

హెచ్చుపాట పాడినవారికి వస్తువు ఇచ్చి, రెండో పాట ధరే తీసుకునే పద్ధతిని 1961లో విలియం విక్రీ అనే ఆర్థికవేత్త సిద్ధాంతీకరించారు. 1996లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. తపాలా బిళ్లల వ్యాపారులు మాత్రం ఆయన పుట్టకముందే, 19వ శతాబ్దంలోనే, ఉత్తరాల ద్వారా పాటలు తెప్పించుకుని ఇలా అమ్మేవారు. నేటి సైట్ల పద్ధతి దానికి దగ్గరి చుట్టం. కాబట్టి ఎక్కువ ఇచ్చే మనిషి ఎక్కడున్నాడా అని మీరు దిగులుపడనక్కరలేదు. ఆ మనిషికి పోటీ వచ్చే రెండో మనిషి మీ పేజీ దాకా రావాలి, వచ్చాక అనుమానం లేకుండా పాడాలి. ఫొటోలు, శీర్షిక, ముగింపు వేళ, ప్రారంభ ధర, ఇవన్నీ ఆ రెండో మనిషి కోసమే.

ఈబే తొలి అమ్మకం కథ మీరు వినే ఉంటారు. 1995లో పియర్ ఒమిద్యార్ ఆ సైటు మొదలుపెట్టినప్పుడు, చెడిపోయిన లేజర్ పాయింటర్ ఒకటి పెడితే 14.83 డాలర్లకు పోయింది. అది పనిచేయదని తెలుసు కదా అని కొన్నవారిని ఆయన అడిగితే, చెడిపోయిన లేజర్ పాయింటర్లు సేకరించడం తన అలవాటని జవాబు వచ్చిందట. చెత్త కూడా అమ్ముడుపోతుందని చెప్పడానికి చాలామంది ఈ కథ వాడుకుంటారు. నాకు అందులో కనిపించేది వేరు. ఆ వస్తువుకు ధర ఎంతో అమ్మేవారికి తెలియదు, కావలసినవారు ఎక్కడో చెదురుమదురుగా ఉన్నారు, వారిని వెతికి పట్టుకోవడం ఒక్కరివల్ల అయ్యే పని కాదు. ఈ మూడూ కలిసిన చోటే వేలం లాభసాటి.

ఫోను కవరు సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. దాని ధర అందరికీ తెలుసు. అదే కవరును వేలమంది అమ్ముతున్నారు. దానికి వేలంలో పాడేవారి ఉద్దేశం ఒక్కటే, మామూలు ధరకన్నా తక్కువకు కొట్టేయడం. పాట పైకి పోవడానికి హద్దు ఉంది, కిందికి పడిపోవడానికి లేదు. ఇటువంటి సరుకును స్థిర ధరకు అమ్మాలి. ఈబే కూడా 2000లో ‘వెంటనే కొనండి’ ధరను ప్రవేశపెట్టింది, ఇప్పుడు అక్కడ జరిగే అమ్మకాల్లో అధిక భాగం స్థిర ధరవే. కొత్త సరుకులో లాభం రావాలంటే తయారీదారు దగ్గర మీకు ఇతరులకన్నా తక్కువ ధర దొరకాలి. అది దొరికినా, మీ సరుకు అమ్ముడవుతోందని తెలిసిన మర్నాడే ఇంకొకరు అదే సరుకును రెండు తక్కువకు పెడతారు. అది టోకు వ్యాపారం. చేయకూడదని కాదు, చేస్తే వేలం దారిలో చేయవద్దు.

మరి వేలానికి ఏవి పనికొస్తాయి? తయారీ ఆగిపోయిన కెమెరాలు, లెన్సులు, చేతి గడియారాలు, ఇంకు పెన్నులు, నాణేలు, తపాలా బిళ్లలు, గ్రామఫోను రికార్డులు, పాత బొమ్మలు, సంగీత వాద్యాలు. వీటిని అందరూ చెబుతారు. తక్కువమంది చెప్పేది విడిభాగాల గురించి. కంపెనీ ఎప్పుడో తయారీ మానేసిన యంత్రానికి సంబంధించిన గేరు, మూత, రిమోటు, బ్యాటరీ పెట్టె తలుపు వంటివి ఎంతో మందికి అత్యవసరం. పనిచేయని యంత్రాన్ని మొత్తంగా అమ్మితే వచ్చేదానికన్నా విప్పి భాగాలుగా అమ్మితే ఎక్కువ రావడం తరచూ చూస్తాం. అయితే దానికి ఓపిక, చోటు రెండూ కావాలి. స్క్రూలన్నీ ఒకే డబ్బాలో పోసేవారు ఈ పనికి దిగకపోవడమే మేలు.

ధర తెలుసుకునేటప్పుడు కొత్తవారు దాదాపు అందరూ ఒకచోట తప్పుదారి పడతారు. అమ్మకానికి పెట్టిన ధరలు చూసి అదే విలువ అనుకుంటారు. ఎవరైనా ఎంతైనా అడగవచ్చు. చూడవలసింది అమ్ముడైపోయిన ధరలు. పెద్ద సైట్లలో చాలావాటిలో ముగిసిన, అమ్ముడైన వస్తువులను వడపోసి చూసే వీలు ఉంటుంది. అక్కడ ధరతో పాటు ఎన్ని పాటలు వచ్చాయో, ఎంతమంది పాడారో కూడా గమనించండి. 800కు పోయిన లెన్సుకు పదకొండుమంది పోటీపడ్డారంటే ఆ ధరను నమ్మవచ్చు. అదే 800కు ఒకే ఒక్క పాటతో పోయిందంటే అది అమ్మినవారు పెట్టిన ప్రారంభ ధర మాత్రమే, రేపు మీకు అంత రాకపోవచ్చు. అమ్ముడుపోకుండా ముగిసినవి కూడా లెక్కపెట్టండి. పది పెడితే మూడే అమ్ముడయ్యే రకం సరుకులో ధర ఎంత బాగున్నా నేను చేయి పెట్టను.

ఇంట్లో ఉన్నవి అయిపోయాక కొనుగోలు మొదలవుతుంది. ఈ వ్యాపారంలో లాభం కొనేటప్పుడే ఖాయమవుతుంది, అమ్మేటప్పుడు అది బయటపడుతుంది అంతే. కొనుగోలు కూడా వేలంలోనే చేస్తే ఇంకో చిక్కు ఉంది. 1971లో కేపెన్, క్లాప్, క్యాంప్‌బెల్ అనే ముగ్గురు చమురు కంపెనీ ఇంజనీర్లు ఒక విచిత్రం బయటపెట్టారు. సముద్రంలో చమురు ఉన్న స్థలాలకు పాట పాడి గెలిచిన కంపెనీలకు అనుకున్నంత లాభాలు రావడం లేదు. కారణం సులువు. చమురు ఎంత ఉందో ఎవరికీ కచ్చితంగా తెలియదు, ఒక్కొక్కరిది ఒక్కో అంచనా, అందరికన్నా అతిగా అంచనా వేసినవారే గెలుస్తారు. మూట విప్పకుండా అమ్మే పాత సామాన్ల గుట్టకు పాట పాడే మనకూ ఇదే వర్తిస్తుంది. పదిమంది వద్దనుకున్న ధరకు మీరు కొన్నారంటే, వారికి తెలిసినదేదో మీకు తెలియలేదన్నమాట. అందుకే నా గరిష్ఠ మొత్తాన్ని వేలం మొదలవకముందే కాగితం మీద రాసుకుంటాను, పోటీ పెరిగే కొద్దీ దానిని పెంచను. తప్పుడు అక్షరాలతో పెట్టిన వస్తువుల కోసం వెతకడం మాత్రం ఇప్పటికీ పనిచేస్తుంది. కంపెనీ పేరులో ఒక అక్షరం జారితే ఆ వస్తువు చాలామంది వెతుకులాటలో తగలదు, పోటీ ఉండదు. మీరు అమ్మేటప్పుడు అదే తప్పు చేస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు లెక్క. కరెన్సీ ఏదైనా లెక్క ఒకటే కాబట్టి ఉత్త అంకెలే రాస్తున్నాను. వస్తువు 1,000కు పోయింది, పార్శిల్ ఖర్చు కింద కొన్నవారు మరో 120 ఇచ్చారు. సైటు కమిషన్ 13 శాతం అనుకుందాం. చాలా సైట్లు కమిషన్‌ను వస్తువు ధరమీదనే కాక పార్శిల్ ఖర్చు కలిపిన మొత్తంమీద తీసుకుంటాయి, అంటే 1,120 మీద 146. పార్శిల్‌కు 120, పెట్టె, బుడగల కవరు, టేపు కలిపి 35. తిరిగివచ్చేవి, దారిలో పగిలేవి ఉంటాయి కాబట్టి ప్రతి అమ్మకం నుంచి ఓ 40 పక్కన పెట్టాలి. వస్తువు కొన్న ధర 450. మిగిలేది 329. అదే వస్తువును 700కు కొని ఉంటే మిగిలేది 79. శుభ్రం చేయడం, పరీక్షించడం, ఫొటోలు, వివరాలు రాయడం, ప్రశ్నలకు జవాబులు, ప్యాకింగ్, పార్శిల్ ఇచ్చి రావడం అన్నీ కలిపితే ఒక్కో వస్తువుకు గంటన్నర సులువుగా పడుతుంది. 79ని ఆ గంటన్నరతో భాగించి చూసుకోండి. వెయ్యికి అమ్మానని సంబరపడేవారిలో చాలామంది ఈ భాగాహారం చేయరు.

మీ లెన్సును పెట్టడం ఎలాగో దగ్గరగా చూద్దాం. ముందు చీకటి గదిలో లెన్సు వెనుక నుంచి చిన్న టార్చి వేసి, ముందునుంచి ఏటవాలుగా చూడండి. లోపల బూజు పట్టి ఉంటే అంచుల దగ్గర సాలీడు పోగుల్లాంటి సన్నని తెల్లని గీతలు కనిపిస్తాయి. అద్దమంతా పలచటి పొగ పట్టినట్టు ఉంటే అది మసక, దుమ్ము కాదు, తుడిస్తే పోదు. లోపలికి వచ్చే వెలుతురును పెంచి తగ్గించే అపర్చరు వలయాన్ని తిప్పుతూ రేకులు చురుగ్గా మూసుకుంటున్నాయా, వాటిమీద నూనె జిడ్డు ఉందా చూడండి. ఫోకస్ వలయం ఒక కొస నుంచి మరో కొసకు ఒకే బిగువుతో తిరగాలి. ఇవన్నీ చూశాక కనిపించినది కనిపించినట్టు రాయండి. ‘లోపలి అద్దం అంచున చిన్న బూజు మచ్చ, ఫొటో ఆరులో చూడండి, నేను తీసిన చిత్రాల్లో దాని ప్రభావం కనబడలేదు’ అని రాస్తే పాట తగ్గుతుందని భయపడతారు. నా అనుభవంలో ధరను దెబ్బతీసేది లోపం కన్నా అనుమానం. ‘నాకు వీటి గురించి తెలియదు, పరీక్షించలేదు, ఉన్నది ఉన్నట్టుగా’ అని రాసిన వస్తువును తెలిసినవారు చెడిపోయినదానికిందే లెక్కగడతారు. మొదటి మనిషి ఆశకొద్దీ పాడినా, రెండో మనిషి అక్కడే ఆగిపోతాడు.

శీర్షికలో వెతికే మాటలే ఉండాలి. కంపెనీ, నమూనా పేరు, 50 మి.మీ. అని ఫోకల్ దూరం, అపర్చరు సంఖ్య, ఏ కెమెరాకు బిగుస్తుందో ఆ మౌంటు, స్థితి. ‘అద్భుతం’, ‘తప్పక చూడండి’ అని ఎవరూ వెతకరు, ఆ చోటంతా దండగ. ఫొటోలు పగటి వెలుగులో, కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా తీయండి. సీరియల్ సంఖ్య స్పష్టంగా కనిపించే ఫొటో తప్పనిసరి. అది ఎందుకో మోసాల దగ్గర చెబుతాను. ఇతరుల ఫొటోలు, కంపెనీ ప్రకటనలోని బొమ్మలు అసలు వాడవద్దు. కొనేవారికి కావలసింది తమ చేతికి రాబోయే ఆ ఒక్క వస్తువు.

ప్రారంభ ధర గురించి వాదనలకు అంతు లేదు. తక్కువతో మొదలుపెడితే తొలిరోజే నలుగురు పాడతారు, పాటలు ఉన్న చోటికి ఇంకొందరు వస్తారు, ఒకసారి పాడినవారు వస్తువు తమదే అన్నట్టు పట్టుదలకు పోతారు. ఇవన్నీ నిజమే, కానీ ఆ వస్తువుకు కావలసినవారు తగినంతమంది ఉన్నప్పుడే. పైన చెప్పిన ముగిసిన వేలాల్లో అయిదారుగురు పోటీపడటం మామూలుగా కనిపిస్తే ధైర్యంగా తక్కువతో మొదలుపెట్టండి. ఇద్దరే కనిపిస్తే, అంతకన్నా తక్కువకు ఇవ్వలేననుకునే ధరతోనే మొదలుపెట్టండి. పాట అంతవరకు రాకపోతే వస్తువు అమ్మనక్కరలేని రహస్య కనీస ధర పెట్టడం నాకు నచ్చదు. ఆ ధర చేరలేదన్న సూచన పేజీలో కనబడగానే చాలామంది విసుగుతో వెళ్లిపోతారు, పైగా కొన్ని సైట్లు దానికి విడిగా రుసుము తీసుకుంటాయి.

ముగింపు వేళకు వద్దాం. ఆదివారం సాయంత్రం ముగిసేలా పెట్టమని ఎవరిని అడిగినా చెబుతారు. కొనేవారు ఇళ్లలో తీరికగా ఉండే వేళ అది, నిజమే. కానీ అమ్మేవారందరూ ఆ మాటే విన్నారు. ఈబేలో డీవీడీల వేలాలను పరిశీలించిన యూరి సైమన్‌సన్ అనే పరిశోధకుడు 2010లో ప్రచురించిన అధ్యయనంలో, రద్దీ సాయంత్రాల్లో ముగిసే వేలాలు ఎక్కువైపోయి, అక్కడ ఒక్కో వస్తువు అమ్ముడయ్యే అవకాశం తగ్గిందని చూపారు. కొనేవారు పెరిగిన దానికన్నా సరుకు ఎక్కువ పెరిగిందన్నమాట. అందుకని మీ వస్తువులాంటివి అప్పుడే ఎన్ని ముగుస్తున్నాయో చూసి, అవి లేని వేళ ఎంచుకోండి. అదే లెన్సు ఇంకొకటి మీకన్నా గంట ముందు ముగుస్తుంటే ఒకరోజు ఆగి పెట్టండి. విదేశాల్లో కొనేవారు ఎక్కువగా ఉండే వస్తువైతే వారి గడియారం చూడాలి, మనది కాదు.

మూడు రోజులైనా పాట కదలడం లేదని కంగారుపడకండి. అనుభవం ఉన్నవారు చివరి నిమిషంలో, చాలాసార్లు చివరి సెకన్లలో పాడతారు. ఆల్విన్ రోత్, ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్ అనే ఆర్థికవేత్తలు 2002లో దీనిమీద ఒక పోలిక చేశారు. నిర్ణీత క్షణానికి ముగిసే ఈబేలో చివరి క్షణం పాటలు ఎక్కువగా, చివర్లో పాట వస్తే గడువు దానంతట అదే పెరిగే అమెజాన్ వేలాల్లో తక్కువగా కనిపించాయి. అమెజాన్ ఆ వేలాలను తర్వాత మూసేసింది. మీరు వాడే సైటులో ఏ నియమం ఉందో ముందే తెలుసుకోండి. గడువు పెరిగే పద్ధతి అమ్మేవారికి కొంత మేలు, రెండో మనిషికి తేరుకుని మళ్లీ పాడే వ్యవధి దొరుకుతుంది.

వేలం నడుస్తున్న ఈ రోజుల్లోనే మీకు సందేశాలు వస్తాయి. ‘వేలం ఆపేసి నాకు ఇంతకు ఇచ్చేయండి, ఈరోజే డబ్బు పంపుతాను’ అని. కొత్తవారికి ఆ అంకె పెద్దదిగా కనిపిస్తుంది. అడిగేవారు మాత్రం దాని విలువ తెలిసే అడుగుతారు. ఒకే వస్తువుకు ఇటువంటి సందేశాలు రెండు మూడు వచ్చాయంటే మీరు అనుకున్నదానికన్నా అది విలువైనదని అర్థం. జవాబుగా ‘వేలం నడవనివ్వండి, దయచేసి పాడండి’ అని మర్యాదగా రాస్తే చాలు. సైటు బయట లావాదేవీకి ఒప్పుకుంటే నియమం తప్పినట్టే, రక్షణ కూడా పోతుంది.

పేరు సంపాదించడం గురించి అతిగా చెబుతారు గానీ లెక్కకు అందిన విషయం ఒకటుంది. పాల్ రెస్నిక్ అనే పరిశోధకుడి బృందం 2006లో ప్రచురించిన ప్రయోగంలో పాత పోస్టుకార్డులను మంచి పేరున్న అమ్మకందారు ఖాతాలోనూ, కొత్త ఖాతాల్లోనూ అమ్మి చూశారు. పేరున్న ఖాతాకు కొనేవారు సుమారు 8.1 శాతం ఎక్కువ ఇవ్వడానికి సిద్ధపడ్డారు. వెయ్యి అమ్మకపు ధరలో ఎనిమిది శాతం అంటే 80, మీ 329 మిగులులో అది ఎంత పెద్ద వాటాయో చూడండి. కాబట్టి ఇంట్లో ఉన్న మంచి లెన్సుతో మొదలుపెట్టవద్దు. ముందు పెన్నులు, చిన్నాచితకా వస్తువులు అమ్మి, సమయానికి పంపి, మంచి అభిప్రాయాలు కొన్ని చేరాక కెమెరా, లెన్సులు పెట్టండి. ముందు కొన్ని వస్తువులు కొనడం కూడా మంచిదే. కొనేవారికి ఏం చికాకు కలుగుతుందో తెలుస్తుంది, ఖాతాకు చరిత్ర కూడా ఏర్పడుతుంది. ఈబేలో 2008 నుంచి అమ్మేవారు కొనేవారిపై చెడు అభిప్రాయం రాసే వీలు లేదు, అలా రాయగలిగేది కొనేవారే. దానితో వాదనకు దిగి ప్రయోజనం లేదు.

ప్యాకింగ్‌లో జనం డబ్బు పోగొట్టుకునేది పగిలిపోవడం వల్ల ఒకటి, పెట్టె పరిమాణం వల్ల మరొకటి. కొరియర్లు తూకం ఒక్కటే చూడవు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, చాలా చోట్ల 5,000తో భాగించి, వచ్చినది అసలు బరువుకన్నా ఎక్కువైతే దానికే డబ్బు తీసుకుంటారు. రెండు కిలోల వస్తువును 40, 30, 30 సెంటీమీటర్ల పెట్టెలో పెడితే 36,000ని 5,000తో భాగించి 7.2 కిలోలు అంటారు. పార్శిల్ ఖర్చును అంచనాతో రాసిన అమ్మకందారుడి లాభం ఇక్కడే ఆవిరైపోతుంది. వస్తువు పెట్టేముందే దానికి పెట్టె చూసి, ప్యాక్ చేసి, కొలిచి, తూచి, అప్పుడు పార్శిల్ ధర రాయండి. పగిలేవాటికి వస్తువు చుట్టూ అన్నివైపులా అయిదు సెంటీమీటర్ల మెత్త ఉండాలి, పెట్టెను ఊపితే లోపల ఏదీ కదలకూడదు.

ఇక మోసాలు. అమ్మేవారిని ఎక్కువగా దెబ్బతీసేది వస్తువు మార్చి తిరిగి పంపడం. మీరు పంపిన మంచి లెన్సు ఉంచుకుని, తమ దగ్గరున్న బూజు పట్టినదాన్ని ‘పనిచేయడం లేదు’ అని వెనక్కి పంపుతారు. సీరియల్ సంఖ్య ఫొటో మీ పేజీలోనే ఉంటే, ప్యాక్ చేస్తూ ఒకే వరుసలో వీడియో తీసి ఉంచుకుంటే, ఫిర్యాదులో మీరు నిలబడగలరు. రెండోది, వస్తువు అందలేదని చెప్పడం. ట్రాకింగ్ లేకుండా ఏదీ పంపవద్దు, విలువైనదైతే అందుకున్నవారి సంతకం కోరండి. డబ్బు కట్టాక ‘చిరునామా మారింది, ఇక్కడికి పంపండి’ అంటే ఒప్పుకోవద్దు. సైటులో ఉన్న చిరునామాకు పంపితేనే అమ్మేవారికి రక్షణ. కొత్త చిరునామా నిజంగానే కావాలంటే అమ్మకం రద్దుచేసి మళ్లీ కొనమనండి. మూడోది పాతదే అయినా ఇంకా నడుస్తోంది. ధరకన్నా ఎక్కువకు చెక్కు పంపి, తేడాను తిరిగి పంపమంటారు. చెక్కు కొన్ని రోజుల తర్వాత చెల్లదని తేలుతుంది, మీరు పంపిన తేడా పోతుంది. డబ్బు వచ్చిందని ఈమెయిల్ వస్తే నమ్మకండి, మీ ఖాతా మీరే తెరిచి చూడండి. డబ్బు తీసుకోవడానికి మీరు రహస్య సంఖ్య చెప్పవలసిన పని, కోడ్ స్కాన్ చేయవలసిన పని ఏ పరిస్థితిలోనూ ఉండదు.

మోసం అమ్మేవారి వైపు నుంచి కూడా ఉంటుంది. మారుపేరుతోనో, బంధువుల ఖాతాతోనో తమ వస్తువుకు తామే పాట పెంచడం. రెండో మనిషి లేకపోతే సృష్టించుకోవడం అన్నమాట. ఎవరైనా మీకు ఈ చిట్కా చెబితే వినకండి. ఈబే సహా పెద్ద సైట్లన్నీ నిషేధించాయి, చాలా దేశాల్లో అది చట్టప్రకారం నేరం. అదీగాక చాలాసార్లు వస్తువు ఆ దొంగపాటకే మిగిలిపోయి, కమిషన్ చేతినుంచి కట్టుకోవలసి వస్తుంది.

గెలిచినవారు డబ్బు కట్టకపోవడం మామూలే. సైటు ఇచ్చిన గడువు వరకు ఆగి, చెల్లింపు రాలేదని నమోదుచేసి, కమిషన్ వెనక్కి తెచ్చుకోండి. ఆ తర్వాత ఈబేలో రెండో అవకాశం అనే సదుపాయం ఉంది. ఓడినవారికి వారి గరిష్ఠ పాట ధరకే వస్తువు ఇస్తామని కబురు పంపవచ్చు. వారు తీసుకోవలసిన నిర్బంధం లేదు. మీ దగ్గర అటువంటిదే ఇంకొకటి ఉన్నా ఇదే దారిలో అమ్మవచ్చు. నేనైతే ఒక అమ్మకం ముగియగానే ఓడినవారు ఎంతవరకు వచ్చారో రాసుకుంటాను. అదే రకం వస్తువు మళ్లీ కొనేటప్పుడు ఎంతవరకు పాడాలో తేల్చేది ఆ అంకెలే, గెలిచిన ధర కాదు.

అమ్మకూడనివి ఏవో సైటు జాబితాలోనూ, మీ చట్టంలోనూ ముందే చూసుకోండి. పాత సామాన్లలో ఇది అనుకోకుండా తగులుతుంది. ఉదాహరణకు ఏనుగు దంతంతో చేసినవాటిని ఈబే 2009 జనవరి నుంచి నిషేధించింది. తాతలనాటి కత్తి పిడి, వాద్యం మీట, పెట్టె మీది నగిషీ దంతం కావచ్చు. నకిలీ కంపెనీ గుర్తున్న సరుకు సంగతీ అంతే. తెలియక అమ్మానన్నా ఖాతా పోతుంది.

నెలనెలా ఆదాయం అన్నారు కాబట్టి ఒక మాట. దీన్ని అడ్డుకునేది డబ్బు కన్నా మీ గంటలు. గంటన్నరకు ఒక వస్తువు చొప్పున, వారానికి పదిహేను గంటలు పెట్టగలిగితే పది వస్తువులు. వాటిలో రెండు అమ్ముడుపోకుండా మిగులుతాయనుకోండి. ఎనిమిదిని పైన చెప్పిన మిగులుతో గుణిస్తే వారానికి మీకు వచ్చేది తేలుతుంది. సరుకు వెతకడానికి పట్టే సమయం ఇందులో లేదు. ఆదాయం పెరగాలంటే వస్తువుల సంఖ్య పెంచడం కన్నా ఒక్కో వస్తువుపై మిగులు పెంచడం తెలివైన పని. అందుకు ఒకే రకాన్ని లోతుగా నేర్చుకోవాలి. లెన్సులే తీసుకుంటే, ఏ సంవత్సరపు తయారీకి విలువ ఎక్కువో, ఏ నమూనాలో అపర్చరు రేకులకు తరచూ నూనె పడుతుందో తెలిసిన మనిషి గుట్టలోంచి ఒకటి ఏరుకోగలడు.

పన్ను సంగతి చివరికి వదిలేశాను గానీ మొదటిరోజు నుంచే రికార్డు పెట్టాలి. ఇంట్లోని సొంత వస్తువులు అమ్ముకోవడం వేరు, లాభానికి కొని అమ్మడం వేరు. రెండోది వ్యాపారం, పన్ను కార్యాలయం దాన్ని అలాగే చూస్తుంది. సైటు చెప్పదులే అనుకోవద్దు. యూరోపియన్ యూనియన్‌లో 2023 నుంచి సైట్లే అమ్మకందారుల వివరాలను పన్ను శాఖకు పంపాలి. ఏడాదికి 30 కన్నా తక్కువ అమ్మకాలు, మొత్తం 2,000 యూరోలు దాటనివారికి మాత్రమే మినహాయింపు. ఇతర చోట్లా ఇటువంటి నియమాలు వస్తున్నాయి. ప్రతి వస్తువుకు కొన్న తేదీ, కొన్న ధర, అమ్మిన ధర, కమిషన్, పార్శిల్, ప్యాకింగ్ ఖర్చు ఒకే వరుసలో ఉండేలా పట్టిక రాసుకోండి, కొన్న రసీదును ఫొటో తీసి పెట్టుకోండి. కొన్న ధరకు రుజువు లేకపోతే అమ్మిన మొత్తమంతా లాభమేనని మీ మీద లెక్కగట్టే ప్రమాదం ఉంది.